ఇంజన్లు ఆగే మలుపు

బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో మా అక్క అత్తగారి ఊరు. ఊరి మొదట్లోనే రోడ్డు మలుపు తిరుగుతుంది. అక్క ఇల్లు ఆ మలుపులోనే ఉండేది. మోటార్ సైకిల్ మీద ఆ దారిన వచ్చేవాడెవడైనా మలుపు కనబడగానే ఇంజను ఆపేవాడు. దిగి, హ్యాండిల్ పట్టుకుని, బండిని తోసుకుంటూ అక్క ఇల్లు దాటేవాడు. దాటాక మళ్లీ కిక్కు కొట్టి తన దారిన పోయేవాడు. ఎండలోనూ అంతే, వానలోనూ అంతే. వెనక పెళ్లాం కూర్చుని ఉంటే ఆమె కూడా దిగి, చెంగు సర్దుకుని నడిచేది. అక్కను చూడటానికి పోయినప్పుడల్లా నేనూ తోసుకుంటూనే పోయేవాణ్ణి. నాకు ఓపిక తక్కువ, నా బండికి బరువు ఎక్కువ. అయినా తోసేవాణ్ణి.

ఈ మర్యాద బస్సులకు లేదు, ట్రాక్టర్లకు లేదు. చెరుకు లారీలు హారన్ మోగించుకుంటూ ఆ ఇంటి ముందు నుంచే పోయేవి. ఒక్క మోటార్ సైకిళ్లకే ఈ పద్ధతి. ఎందుకంటే మా బావ మోటార్ సైకిల్ మీదే చనిపోయాడు.

మా వైపు ఒక పందెం ఉండేది. పొద్దు పందెం అనేవాళ్లు. పొద్దు పొడుస్తుంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగేది, బండ్లు కదిలేవి. పొద్దుగూకే వేళ మళ్లీ సైరన్ మోగేదాకా తిరుగుతూనే ఉండాలి. బోధన్‌లో బయల్దేరి, కోటగిరి దారి పట్టి, కాలువ కట్ట మీదుగా చుట్టి వచ్చి, మళ్లీ బోధన్ చేరితే ఒక చుట్టు. ఎవరు వేగంగా పోయారన్నది ఎవరికీ పట్టదు. ఆ పగలంతా చెడిపోకుండా ఎవరి బండి ఎక్కువ చుట్లు తిరిగిందన్నదే లెక్క. ఒక్కో బండికి ఇద్దరు మనుషులు. మధ్యాహ్నం దాకా ఒకరు, ఆ తర్వాత రెండోవారు. నిజాం కాలంలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన దొరలు సరదాకు మొదలుపెట్టారట. దొరలు పోయాక చెరుకు రైతులు అందుకున్నారు.

ఆ పందేనికి ఉన్న విలువంతా ఒక్క నియమంలో ఉంది. కొన్న బండి కొన్నట్టే ఉండాలి. పందెం కోసమని తయారుచేసిన బండ్లు పనికిరావు. సైలెన్సర్ కోయకూడదు, మడ్‌గార్డు విప్పకూడదు, హెడ్‌లైటు పీకి బరువు తగ్గించకూడదు. పొద్దున పొలానికి, సాయంత్రం సినిమాకు ఏ బండి మీద పోతావో ఆ బండే తేవాలి. హైదరాబాద్ నుంచి ఒకాయన ఒకసారి రేసుల కోసం చెక్కించిన బండి తెస్తే, చాయ్ తాగించి, మర్యాదగా వెనక్కి పంపించారని చెప్పుకునేవాళ్లు. నాకు ఆ నియమం చాలా నచ్చేది. ఇప్పటికీ నచ్చుతుంది. మనిషి తన రోజువారీ బతుకును ఎంత బాగా చూసుకుంటున్నాడో ఆ ఒక్క పగటిలో బయటపడేది. నూనె మార్చకుండా బద్ధకించినవాడు మధ్యాహ్నానికల్లా చెట్టు కింద చేరేవాడు.

బావ పసుపు రైతు. కొంచెం చెరుకు కూడా వేసేవాడు. మాటలు తక్కువ. బండికి మాత్రం ఆయన చేసే చాకిరీ చూసి అక్కకు ఒళ్లు మండేది. "నన్ను చేసుకున్నడో దాన్ని చేసుకున్నడో ఆయన్నే అడగాలె" అనేది. ఆ ఉడుకుమోతుతనం పైకే. సాయంత్రం ఆయన బండి ఇంకా మలుపు అవతల ఉండగానే ఆమె చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఎన్ని బండ్లు పోయినా ఆయన బండి చప్పుడు ఆమెకు వేరుగా వినిపించేది.

పందెంలో బావకు జత మనిషి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన రైతు. కాలువ కింద భూమి కొనుక్కుని, బోధన్ దగ్గర క్యాంపులో స్థిరపడ్డాడు. అటువైపు నుంచి వచ్చిన రైతుల ఊళ్లను మా దగ్గర క్యాంపులనే అంటారు. ఆయన గలగలా మాట్లాడేవాడు, బావ ఊఁ కొట్టేవాడు. అక్కను చెల్లెమ్మా అని, నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. వాళ్లిద్దరి స్నేహం చూసి ఊళ్లో కొందరు మూతి తిప్పుకున్నారు గాని, వాళ్లు పట్టించుకోలేదు.

అరవైల మొదట్లో జరిగిందిది. ఆ ఏడు పందెం చెరుకు సీజన్ ఆఖరి రోజుల్లో పెట్టారు. నేను ఆ రోజు నిజామాబాద్‌లో ఉన్నాను కాబట్టి విన్నదే చెబుతున్నాను. కాలువ కట్ట మీద ముందు పోతున్న బండ్లు దుమ్ము లేపాయి. ఆ దుమ్ములో, చెరుకు దించి ఖాళీగా తిరిగొస్తున్న ఎడ్లబండి బావకు కనబడలేదు. ఎక్కడి బండ్లు అక్కడ ఆపేసి జనం కట్ట మీదికి పరుగెత్తారు. పందెం అక్కడితో ఆగింది. మరుసటి ఏడు కూడా ఎవరూ దాని మాట ఎత్తలేదు.

పదోనాడు క్యాంపు అన్న వచ్చాడు. మలుపు దాకా బండి మీదే వచ్చాడు. ఆ చప్పుడు ఆ ఇంట్లో ఎట్లా వినిపించాలని అనుకున్నాడేమో, ఇంజను ఆపి, తల వంచుకుని బండి తోసుకుంటూ వచ్చాడు. కర్మకు వచ్చిన జనమంతా చూశారు. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మర్నాటి నుంచి ఊళ్లో బండి ఉన్న ప్రతివాడూ అట్లాగే చేశాడు. ఎవరూ చాటింపు వేయలేదు. ఊరికి నాలుగైదు బండ్లు ఉన్నప్పుడు మొదలైన పద్ధతి, బండ్లు పెరిగాక కూడా పోలేదు. కొడుక్కి బండి నేర్పే తండ్రి బ్రేకు ఇది, గేరు ఇది అని చూపించినట్టే, మలుపు దగ్గర ఆపాలని కూడా చెప్పి పెట్టేవాడు.

అక్కకు పిల్లల్లేరు. అత్త కూడా ఏడాది తిరక్కముందే పోయింది. మా ఇంటికి వచ్చేయమని బాపు ఎంత బతిమాలినా వినలేదు. "నేనొస్తె గీ పసుపు ఎవలు తవ్వుతరు? నువ్వు తవ్వుతవా?" అని ఆయన్నే గద్దించింది. పసుపు వేయించడం, తవ్వించడం, ఉడకబెట్టి ఆరబెట్టించడం, నిజామాబాద్ గంజు మార్కెట్‌కు పంపించడం, అన్నీ తనే చూసుకుంది. కూలీలు ఆమె నోటికి భయపడేవాళ్లు. ఆమె గురించి నాకున్న బాధ ఒక్కటే, ఆమెకు నిద్ర లేదు. రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకునేది. పగలు కునుకు కూడా పట్టేది కాదు. నిజామాబాద్ తీసుకొచ్చి డాక్టర్లకు చూపించాను. మందులు వేయించాను. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాను. కళ్ల కింద నల్లగా, చెంపలు లోపలికి పోయి, ముప్పై ఏళ్లకే ముసలిదైపోయింది. చిత్రమేమిటంటే రైల్వే స్టేషన్ దగ్గరున్న మా ఇంట్లో, ఇంజన్ల కూతల మధ్య, ఆమె ఒక్కోసారి హాయిగా నిద్రపోయేది. గాలి మార్పు అని మా ఆవిడ, అంతే అని నేను అనుకున్నాం. రెండు రోజులు కాగానే పొలం గుర్తొచ్చి వెళ్లిపోయేది.

అట్లా పదిపన్నెండేళ్లు గడిచాయి. నిజామాబాద్‌లో నాకు మోటార్ సామాన్ల దుకాణం ఉండేది. ప్లగ్గులు, చైన్లు, ట్యూబులు అమ్మేవాణ్ణి. డెబ్బైల మొదట్లో ఒక మధ్యాహ్నం క్యాంపు అన్న దుకాణానికి వచ్చాడు. జుట్టు నెరిసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు తువాలుతో మొహం తుడుచుకుంటూ గడిపాడు.

"తమ్ముడూ, పందెం మళ్లీ పెడదామనుకుంటున్నామయ్యా. కుర్రాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. ఊరికి ఇరవై బళ్లున్నాయి, పొలానికీ సినిమాకీ తప్ప ఎందుకూ పనికిరావా అంటున్నారు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "గీ మాట ఇంకెవలన్న అంటె వేరు. నువ్వంటున్నవా అన్నా?" అన్నాను.

"నేనే అనాలి. మీ బావకి ఆ పందెం అంటే ఎంత ఇష్టమో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఆయనతోపాటు అదీ పోయిందంటే నాకు రెండు చావులు చూసినట్టుంది."

"ఆమెకు అసలే నిద్ర లేదు. గా మోత మళ్ల చెవులపడితె మనిషి దక్కదు."

"అందుకేగా ముందు నీ దగ్గరికొచ్చాను. మీ అక్క ఇంటి వైపు రానివ్వం. దారి మార్చి, ఊరు తప్పించి పోతాం. అయినా చెల్లెమ్మ సరేనంటేనే. ఆవిడ వద్దంటే నా జన్మలో మళ్లీ ఎత్తను."

అడిగితే నువ్వే అడుగు, నేను మాత్రం నోరు విప్పను అన్నాను. రెండు రోజుల తర్వాత ఇద్దరం కలిసి పోయాం. మలుపు దగ్గర ఇద్దరం ఇంజన్లు ఆపి, రెండు బండ్లూ తోసుకుంటూ ఇంటి ముందుకు చేరాం. అక్క వాకిట్లో ఉడికిన పసుపు కొమ్ములు ఆరబోయిస్తోంది. మా అవతారాలు చూసి చిన్నగా నిట్టూర్చింది. ఎండలో తోసుకొచ్చామని జాలి పడిందనుకున్నాను.

అన్న చెప్పాల్సింది చెప్పాడు. దారి మారుస్తామని, ఆమెకు చప్పుడు కూడా వినబడదని మూడుసార్లు చెప్పాడు. అక్క చేతికంటిన పసుపు దులుపుకుంటూ అంతా విన్నది.

"పెట్టుకోర్రి. గని దారి మార్చొద్దు. పాత దారినే పోవాలె, నా ఇంటి ముందటికెళ్లే పోవాలె. గట్లయితేనే ఒప్పుకుంట" అంది.

అన్న చేతులెత్తి దండం పెట్టాడు. బయటికొచ్చాక, చెల్లెమ్మ గుండె ఎంత గట్టిదో చూశావా, భర్త ప్రాణం తీసిన పందేన్ని గుమ్మం ముందు నిలబడి చూస్తానంటోంది అన్నాడు. నేనూ అట్లాగే అర్థం చేసుకున్నాను. ఊరూరా అదే మాట పాకింది. మా అక్కను గురించి మాట్లాడేటప్పుడు జనం గొంతు తగ్గించడం మొదలుపెట్టారు.

ఇక కమిటీ. కమిటీ అంటే పెద్ద మాటే. క్యాంపుల రైతులు కొందరు, మా పసుపు రైతులు కొందరు, సామాన్ల మనిషినని నేను. మొదటి పంచాయితీ నియమం మీదే వచ్చింది. ఒక క్యాంపు రైతు తన బండికి వెనక పాల క్యాన్లు తగిలించే కొక్కేలు వెల్డింగ్ చేయించుకున్నాడు. కొన్నప్పుడు అవి లేవు కాబట్టి బండి చెల్లదన్నారు మావాళ్లు. రోజూ పాలు పోసే బండి, కొక్కేలు కోస్తే రేపు పాలెట్లా పోయనండీ అన్నాడాయన. రెండు సాయంత్రాలు దాని మీద కొట్లాడుకున్నాం. చివరికి, బరువు తగ్గించేదైతే తప్పు, బరువు పెంచేదైతే వాడి ఖర్మ అని తీర్పు చెప్పాం. నియమాన్ని అంత బాగా అర్థం చేసుకున్నందుకు మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

రెండోది దుమ్ము. అందరి మనసులో ఉన్నది అదే, పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఈసారి చెరుకు సీజన్ పూర్తిగా ముగిశాకే పందెం పెట్టాం కాబట్టి ఎదురుబండ్ల భయం లేదు. అయినా దుమ్ము దుమ్మే. నీళ్లు చల్లితే ఏప్రిల్ ఎండకు చూస్తుండగానే ఆరిపోతాయి. అప్పుడొకాయన మొలాసిస్ చల్లితే సరి అన్నాడు. చెరుకు రసంలో చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం అది. నీళ్లలో పల్చగా కలిపి చల్లితే మొరం రోడ్డు గట్టిపడుతుంది, దుమ్ము లేవదు. చక్కెర తీసే చోట పుట్టినవాళ్లం, ఈ ఉపాయం మాకు కాక ఇంకెవరికి తడుతుంది అని పొంగిపోయాం. పల్చగా అన్న ముక్క మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. బావ అందరి కళ్లలో మెదులుతున్నాడు. చిక్కగా పోయిస్తే ఇంకా భద్రం అనుకున్నాం. పందేనికి ముందురోజు ట్యాంకర్ తెప్పించి కట్ట పొడుగునా పోయించాం. సాయంత్రానికి రోడ్డు నల్లగా నిగనిగలాడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని చూసి మురిసిపోయాం.

పొద్దున చూస్తే చుట్టుపక్కల ఊళ్ల పశువులన్నీ కట్ట మీదే ఉన్నాయి. ఎడ్లు, బర్రెలు, దూడలు తలలు వంచుకుని రోడ్డును నాకుతున్నాయి. అదిలిస్తే తోకలు ఊపాయి గాని కదల్లేదు. కర్ర చూపిస్తే ఒక అడుగు పక్కకు జరిగి అక్కడ నాకాయి. వాటి కాళ్ల సందుల్లో చీమలు, పైన తేనెటీగలు. సైరన్ మోగనే మోగింది, బోధన్‌లో బండ్లు వరుసగా నిలబడే ఉన్నాయి. ఒక క్యాంపు ఇల్లాలు తన గేదెను తోలుకుపోతూ, ఇంత మంచి దాణా మేమెప్పుడూ పెట్టలేదు, మళ్లీ పందెం ఎప్పుడండీ అని అడిగింది. చివరికి మొలాసిస్ మీద మట్టి పోయించాం. దుమ్ము వద్దని పాకం పోశాం, పాకం వద్దని మళ్లీ దుమ్ము పోశాం. పొద్దు బాగా ఎక్కాక పందెం కదిలింది.

నేను అప్పటికే అక్క ఇంటికి చేరుకున్నాను. ఆమెకు ఏమన్నా అయితే పక్కన ఉండాలని నా ఆలోచన. అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గడపలో నిలబడింది. మలుపుకు ఇటూ అటూ ఊరంతా పోగైంది. దూరంగా బండ్ల మోత మొదలైంది. మొదట తుమ్మెద రొదలాగా, తర్వాత పెద్దగా. అక్క మెడ చాచి ఆ వైపే చూస్తోంది. ఆమె మొహంలో అట్లాంటి వెలుగు నేను ఎన్నో ఏళ్లుగా చూడలేదు.

మోత మలుపు దాకా వచ్చింది. వచ్చి, టక్కున ఆగింది.

మొదటి కుర్రాడు ఇంజను ఆపి, బండి దిగి, తోసుకుంటూ వస్తున్నాడు. పందెం కదా, నడిస్తే వెనకబడతాడు, అందుకని పరుగెడుతూ తోస్తున్నాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వెనక ఇంకొకడు. ఒకరి తర్వాత ఒకరు మలుపు దగ్గర ఇంజను ఆపడం, దిగడం, చెమటలు కక్కుతూ అంత బరువు బండ్లను తోసుకుంటూ మా గడప దాటడం. పాల క్యాన్ల కొక్కేల ఆయన బొజ్జతో ఆయాసపడుతూ తోసుకుపోయాడు. వాళ్లకెవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి చేతులకు అలవాటైన పని, అందులోనూ ఆ రోజు మర్యాద తప్పుతామా. జనంలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ కళ్లు చెమర్చాయి. మావాళ్లు ఎంత మంచివాళ్లు అనుకున్నాను.

అక్క లోపలికి వెళ్లిపోయింది. వెనకే పోయాను. వంటింట్లో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది, మొహం ఎర్రగా ఉంది.

"అక్కా, నీతోని అయితలేదు గదా. నేను పోయి చెప్త, పందెం ఆపిస్త" అన్నాను.

నా వైపు తిరిగిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఆపిస్తవా? ఆపుడు తప్ప మీకు ఇంకోటి రాదారా?"

ఆమె చరచరా బయటికి నడిచింది. నాకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడే, పందెంలో తనూ దిగిన క్యాంపు అన్న మలుపు దగ్గర ఇంజను ఆపి, దిగి, తల వంచుకుని తోసుకుంటూ వస్తున్నాడు. అక్క రోడ్డు మధ్యకు పోయి ఆయన బండి హ్యాండిల్ పట్టుకుంది. ఆయన బిత్తరపోయి ఆగాడు. వెనక వచ్చే కుర్రాళ్లు కూడా బండ్లు పట్టుకుని ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు.

"ఎందుకు ఆపినవన్నా?" అంది అక్క.

"నీకు బాధ కలగకూడదనమ్మా."

"నేను పాత దారినే పొమ్మన్నది ఎందుకనుకున్నవు?"

అక్క గొంతు పెంచలేదు. కానీ ఊరంతా చెవులు రిక్కించి ఉంది కాబట్టి ప్రతి మాటా అందరికీ వినబడింది.

"గా దినం నేను వంటింట్ల ఉన్న. పొద్దటిసంది బండ్ల మోత ఇనొస్తనే ఉండె. ఒకటి పోంగనె ఇంకోటి. ఆయన బండి పోయినప్పుడల్ల నాకెర్కయితుండె. ఎన్కసిరి ఒక్కపాలి అన్ని బండ్లు ఆగిపోయినయి. సప్పుడు లేదు. ఎవ్వలు వచ్చి చెప్పకముందే నాకు తెల్సింది, ఆయన లేడని. మోత ఆగుడే నాకు వచ్చిన కబురన్నా."

అన్న తువాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పదోనాడు నువ్వొచ్చి ఆపితివి. తెల్లారి ఇంకొకలు ఆపిరి. అప్పటిసంది దినాం ఆపుతనే ఉన్నరు. దూరంకెళ్లి బండి వస్తున్నట్టు ఇనొస్తది, నా ఇంటి ముందటికి రాంగనె సప్పుడు బంద్. దినాం నాకు గదే కబురు చెప్పిపోతున్నరు. పొద్దుగాల చెప్తరు, పొద్దుమీకి చెప్తరు. రాత్రి కన్ను మూస్తె ఇప్పుడెవలో వచ్చి ఆపుతరని బుగులు. ఎట్ల పండుకోవాలె నేను?"

"ఇన్నేళ్లూ ఒక్కసారి చెప్పకపోయావా చెల్లెమ్మా" అన్నాడు అన్న.

"ఎవలకు చెప్పాలె? ఎండల చెమట కార్చుకుంట తోసుకపోయెటోన్ని సూసి, నువ్వు చేసేది మర్యాద కాదురా అని ఎట్ల చెప్పాలె? పందెం మళ్ల పెడుతమంటె, ఇగ అప్పుడన్న ఆపకుండ పోతరనుకున్న. ఆయన పోయిన బాట మీద ఇంకెవలదన్న బండి ఆగకుండ పోతె ఇనాలనుకున్న. పందెంల గూడ ఆపిండ్రు."

స్టేషన్ దగ్గర మా ఇంట్లో ఆమెకు నిద్ర ఎందుకు పట్టేదో, డాక్టర్ల మందులు ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. నిద్ర పట్టడానికి తాయెత్తు కట్టించిన చేతులతోనే, ఆ నిద్రను చెడగొట్టే బండిని తోసుకుంటూ ఆమె గుమ్మానికి వచ్చేవాణ్ణి. ఊరు ఊరంతా పన్నెండేళ్ల పాటు ఆమెను ప్రేమతోనే ఏడిపించింది. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, కోపానికి పేరుపడ్డ నాకే తెలియలేదు.

అక్క హ్యాండిల్ వదిలి పక్కకు జరిగింది. "కిక్కు కొట్టన్నా" అంది.

అన్న కొట్టాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి కాలు జారింది. కన్నీళ్లతో కనబడక మూడోసారి కూడా తప్పింది. నాలుగోసారి ఇంజను అందుకుంది. అక్క ఇంటి గోడలకు తగిలి ఆ మోత రెట్టింపై వినబడింది. ఆయన అక్క వైపు ఒక్కసారి చూసి, గేరు వేసి వెళ్లిపోయాడు. ఆ వెనక వరుసగా కిక్కులు పడ్డాయి. దుమ్ము లేచింది, పెట్రోలు వాసన ఇల్లంతా నిండింది. ఒక ముసలమ్మ, ఇదేం కలికాలమమ్మా అని గొణిగితే, పక్కనున్న ఆమె కోడలు ఊరుకో అత్తా అని గదిమింది.

ఆ తర్వాతి చుట్టు నుంచి ఎవరూ ఆగలేదు. మొదట్లో కొందరికి చేతులు మాట వినలేదు. మలుపు దగ్గరికి రాగానే అలవాటుగా వేగం తగ్గించి, అక్కను చూసి మళ్లీ పెంచేవాళ్లు. అక్క అరుగు మీద కూర్చుంది. కాసేపటికి, కనబడకముందే ఏ బండి వస్తోందో చెప్పడం మొదలుపెట్టింది. "గిది పాలాయనది. గిది చైన్ లూజైన పిలగానిది, వాన్ని సూసుకొమ్మను" అంది. నిజంగానే వాడి చైను వదులుగా ఉంది. నేనే బిగించాను.

మధ్యాహ్నం ఇద్దరం అన్నం తిన్నాం. పచ్చిపులుసు పోసుకుని మళ్లీ పెట్టించుకుంది. చేయి కడుక్కుని, వసారాలో నులకమంచం వాల్చి, కాసేపు నడుము వాలుస్తానంది. నేను గడపలో కూర్చుని బండ్లను చూస్తున్నాను. ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. ఏదో అడగబోయి వెనక్కి తిరిగితే, అక్క నిద్రపోతోంది.

మామూలు నిద్ర కాదు. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చేయి మంచం మీది నుంచి కిందికి జారి, చిన్న గురక కూడా పెడుతోంది. నాలుగడుగుల దూరంలో బండ్లు ఇల్లు అదిరేలా పోతున్నాయి, ఆమెకు తెలియడం లేదు. పెళ్లి కాకముందు బాపు ఇంట్లో ఎట్లా పడుకునేదో అట్లాగే పడుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అంతలో మలుపు తిరిగి వస్తున్న ఒక కుర్రాడు వసారాలో మంచం చూశాడు. పాపం, నిద్రపోతున్న మనిషి కదా అనుకున్నాడేమో, వేగం తగ్గించి ఇంజను ఆపడానికి చేయి చాచాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి ఉరికాను. ఆపకు, పో పో అని రెండు చేతులూ ఊపాను. వాడు తలూపి, మోత పెంచి వెళ్లిపోయాడు. వెనక్కి చూశాను. అక్క కదల్లేదు. మలుపులో ఇంకో బండి వస్తున్నట్టు వినబడింది. ఎవడూ ఆపకుండా చూడాలని ఆ ఎండలో అక్కడే నిలబడ్డాను.